అక్క చెప్పిన పక్కింటామె

నేను ఒక్కచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. భోజనం దగ్గర కూడా సగం తిని లేచి, ఫోన్ ఎక్కడ పెట్టానో వెతుక్కుంటాను. కాలుకాలిన పిల్లికైనా కాసేపటికి మంట చల్లారుతుంది, ఈయనకు చల్లారదు అని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. తప్పు నాది కాదు, మగ్గాలది అంటాను నేను. నేను పుట్టింది సూరత్‌లో, వడోద్‌లో, గోడకు అవతల పవర్‌లూమ్‌లు రాత్రింబవళ్ళు ఆడే ఇంట్లో. మా అమ్మానాయనలు కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆ దడదడలోనే మాకు నిద్ర పట్టేది. ఎప్పుడైనా కరెంటు పోయి మగ్గాలు ఆగితే పిల్లలందరం ఉలిక్కిపడి లేచేవాళ్ళం. అలాంటివాడు బార్డోలీలో, మధ్యాహ్నమైతే చెరకు లారీ తప్ప ఇంకేదీ కదలని ఊళ్ళో, ఆడవాళ్ళ డాక్టరుగా కుదురుకోమంటే ఎలా కుదురుతుంది?

కుదరలేదు కాబట్టే విదేశీ క్యాంపులు పట్టుకున్నాను. సూరత్ చుట్టుపక్కల డాక్టర్లం కొందరం కలిసి ఏడాదికి రెండుసార్లు, వానాకాలంలో ఒకసారి, దీపావళి సెలవుల్లో ఒకసారి టాంజానియా వెళ్తాం. అక్కడి చిన్న ఊళ్ళలో దుకాణాలు నడిపే గుజరాతీలు మాకు పడక, తిండి చూస్తారు. మేము ఉచితంగా ఆపరేషన్లు చేస్తాం. నా వంతు ఎక్కువగా ఒకటే పని. కాన్పుల తర్వాత సరైన విశ్రాంతి లేక, బరువులు మోసి, గర్భసంచి కిందికి జారిన ఆడవాళ్ళకు దాన్ని సరిచేయడం. ప్రాణం తీసే జబ్బు కాదు. బతుకంతా నరకం చేసే జబ్బు. నడవలేరు, కూర్చోలేరు, దగ్గలేరు, ఎవరికీ చెప్పుకోలేరు. ఆపరేషన్ అయ్యాక వాళ్ళు నిటారుగా నడిచి వెళ్తుంటే చూడటం నాకు ఒక వ్యసనం లాంటిది. తిరిగొచ్చాక శాలువా కప్పుతారు, ఫోటో తీస్తారు. నా సంచీ పూర్తిగా ఖాళీ కాకముందే మళ్ళీ ప్రయాణం వస్తుంది.

ఆ ఫోటోలను నాకన్నా ఎక్కువ మందికి చూపించేది మా అక్క. అమ్మ బాబిన్లు చుట్టే పనికి పోతే నన్ను చంకన వేసుకుని తిరిగింది తనే. అదే వీధిలో మగ్గం నడిపే అబ్బాయిని చేసుకుంది, వడోద్ దాటలేదు. రింగ్ రోడ్ మార్కెట్ నుంచి చీరల మూటలు తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని వాటికి రాళ్ళు, చమ్కీలు అతికిస్తుంది. మా బావకు మగ్గాల మోతలో చెవులు సగం పోయాయి. అందుకని ఆ ఇంట్లో అందరూ అరుచుకుంటూనే మాట్లాడతారు. కూరలో ఉప్పు తక్కువైతే ఆ సంగతి వీధి చివరి పాన్ దుకాణం వాడికి కూడా తెలుస్తుంది. ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది.

నాకు అక్కను మించిన ప్రచారకర్త లేదు. వడోద్‌లో ఏ ఆడమనిషికి ఏ బాధ వచ్చినా బస్సెక్కించి బార్డోలీ తీసుకొచ్చేది. లోపలికి రావడానికి జంకేవాళ్ళను వెనక నుంచి తోసేది. "సిగ్గెందుకే, మా తమ్ముడేనాయె," అనేది. తను మాత్రం బయట బల్ల మీద కూర్చుని, వరుస తప్పినవాళ్ళను హిందీలోనూ గుజరాతీలోనూ తిట్టేది. మా నర్సు ఒక్కతే ఉన్నరోజు కన్నా అక్క ఉన్నరోజే ఆసుపత్రి క్రమశిక్షణగా నడిచేది.

పని అయిపోయాక, వచ్చినామె మందుల కోసం వెళ్ళినప్పుడు, అక్క నా గదిలోకి వచ్చి పక్కింటామె సంగతి ఎత్తేది.

మొదటిసారి ఎప్పుడు ఎత్తిందో గుర్తులేదు గానీ ఏమందో గుర్తుంది. "మా పక్కింటామెకు దగ్గితే మూత్రం ఆగుతలేదట తమ్మీ. బరువు లేపితే ఏందో కిందికి దిగినట్టయితదట," అంది. తీసుకురమ్మన్నాను. రాదంది. ఎందుకు రాదంటే సిగ్గంది. ఇంతమంది వస్తున్నారు, ఆమె ఒక్కతేమైనా మహారాణీనా అన్నాను. అక్క నవ్వి, అది గంతేలే అంది. రాని రోగికి నోటితోనే వైద్యం చెప్పాను. మూటలు ఎత్తొద్దు, మలబద్ధకం రాకుండా చూసుకోవాలి, ఇదిగో ఇలా కండరాలు బిగించి వదలాలి. అక్క శ్రద్ధగా విని, చెప్పింది చెప్పినట్టు నాకే ఒప్పజెప్పి వెళ్ళింది. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. పక్కింటామెకు ఇప్పుడు కూర్చుంటే కూడా ఇబ్బందిగా ఉందట. నాకు ఒళ్ళు మండింది. రమ్మంటే రాదు, ఇక్కడి నుంచి నేనేం మంత్రం వేయాలి అని కసిరాను. ఇలా ఏళ్ళు గడిచాయి. విసుక్కుంటూనే ఆమెకు మందులు పంపేవాణ్ణి.

అక్క బతుకమ్మ ఆడటం మానేసింది కూడా ఆ ఏళ్ళలోనే. వీధిలో ఒకవైపు గుజరాతీలు గర్బా ఆడుతుంటే, ఇంకోవైపు మావాళ్ళు బతుకమ్మలు పేర్చి చుట్టూ తిరుగుతారు. పాట ఎత్తుకునేది ఎప్పుడూ అక్కే. వంగి చప్పట్లు కొట్టి లేస్తే ఆమె గాజుల చప్పుడు వేరుగా వినబడేది. తర్వాత్తర్వాత ఒక కుర్చీ తెప్పించుకుని, దాని అంచున కూర్చుని పాట మాత్రమే పాడేది. మోకాళ్ళ నొప్పులంది. నేను మోకాళ్ళకు గోలీలు రాసిచ్చాను.

మొన్నటి వానాకాలం ప్రయాణంలో ఒకామె వచ్చింది. ఇక్కడ వానలు, అక్కడ చలి. పొద్దున్నే ఆసుపత్రి ముందు ఆడవాళ్ళు రంగురంగుల గుడ్డలు కప్పుకుని వరుసగా కూర్చున్నారు. ఆమె అందరికన్నా దూరం నుంచి వచ్చింది. బస్సు దిగి, పొలాల గట్ల మీద కాళ్ళు ఎడంగా పెట్టుకుంటూ నడిచి వచ్చింది. పరీక్ష చేస్తే గర్భసంచి పూర్తిగా జారి పుండ్లు పడి ఉంది. మాకు బస ఇచ్చిన దుకాణదారుడి భార్య ఆమె మాటలను గుజరాతీలో నాకు చెబుతోంది. మా జట్టులో సూరత్ నుంచి వచ్చే ఒక డాక్టరమ్మ, ఆడవాళ్ళ వైద్యురాలే, నా పక్కన నిలబడి ఉంది. ఈ ఆపరేషన్‌లో ఆమె చేయి తిరిగింది అక్కడే, నాతో కలిసి చేస్తూ.

ఆ వచ్చినామె ఊరికి దగ్గర్లో మంచి ఆసుపత్రి ఒకటుందని నాకు తెలుసు. నా నోరు ఊరుకోదు కదా. అంత దగ్గర్లో ఆసుపత్రి పెట్టుకుని, ఇంత ముదరబెట్టుకుని ఇంత దూరం రావడమేమిటి, బుద్ధి లేదా అని అడగమన్నాను. దుకాణదారుడి భార్య అంత కఠినంగా అడిగి ఉండదు. ఆ వచ్చినామె తల వంచుకుని కాళ్ళ దగ్గరి గుడ్డ సర్దుకుంటూ ఏదో చెప్పింది.

ఆ ఆసుపత్రిలో డాక్టరు ఆమె సొంత తమ్ముడట. తను ఎత్తుకుని పెంచిన పిల్లవాడట. వాడికి ఇది ఎలా చూపిస్తుంది? పోనీ వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే, సొంత అక్కే నమ్మలేదని ఊళ్ళో వాడి పరువు పోదా? అందుకని ఏ సంబంధమూ లేని పరాయి దేశం వాళ్ళు వచ్చేదాకా ఆగిందట.

డాక్టరమ్మ అయ్యో అంది. నాకు మాత్రం వడోద్‌లో మా అక్క ఇల్లు కళ్ళ ముందుకు వచ్చింది. ఒక పక్క మగ్గాల షెడ్డు గోడ. రెండో పక్క ఒడిశా నుంచి వచ్చిన మగ్గం కార్మికుల గది. షిఫ్టుల ప్రకారం ఒకడు లేచి పోతే ఇంకొకడు వచ్చి పడుకునే గది. అంతా మగవాళ్ళే. అక్కకు పక్కింటామె అనే మనిషి లేనే లేదు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. ఆ సామెతను నేను అంతవరకు ఎదుటివాళ్ళ మీదే వాడాను. సముద్రం దాటి ఏ జబ్బును వెతుక్కుంటూ పోయానో, ఆ జబ్బు మా అక్క కుర్చీ అంచున కూర్చుని నాకు కారప్పూస పెడుతూ వచ్చింది. డాక్టరు లేని ఇల్లైతే ఏ దవాఖానకో పోయి ఎప్పుడో బాగుపడేది. ఇంట్లో నేనుండటమే ఆమెకు అడ్డమైంది. కోపం వచ్చింది. అక్క మీదా, ఆ తమ్ముడెవడో వాడి మీదా, అన్నిటికన్నా ఎక్కువగా ఆ మోకాళ్ళ గోలీల మీదా.

తిరుగు ప్రయాణానికి ఇంకా రోజులున్నాయి. ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఆపరేషన్ బల్ల దగ్గర చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. అది దాటితే నిలవలేకపోయేవాణ్ణి. దుకాణం ముందు అటూ ఇటూ తిరుగుతుంటే ఆ వీధి పిల్లలు నా వెనక తిరగడం ఆటగా పెట్టుకున్నారు. అక్కకు ఫోన్ చేశాను. ఎప్పటిలాగే స్పీకర్ మీద ఉంది. వెనక మగ్గాలు ఆడుతున్నాయి. ఎవరు, ఎవరు అని బావ అరుస్తున్నాడు. తమ్ముడు, ఆఫ్రికా నుంచి అని అక్క అంతకన్నా గట్టిగా అరుస్తోంది. ఆ ఇంట్లోకి ఈ ప్రశ్నను ఎలా అరిచేది? తిన్నావా అక్కా అన్నాను. తిన్న, నువ్వు తిన్నవా అంది. మర్నాడు మళ్ళీ చేసి మళ్ళీ అదే అడిగాను. ఏందిరా ఊకె చేస్తున్నవ్, పాణం మంచిగున్నదా అని అక్కే నా గురించి బెంగపడింది.

డాక్టరమ్మకు మాత్రం విమానంలో అంతా చెప్పాను. ఆమె, మీరు మీ అక్కను నిలదీయకండి సర్, పక్కింటావిడను పక్కింటావిడగానే ఉండనివ్వండి అంది.

సూరత్‌లో రైలు దిగి బార్డోలీ పోలేదు, సంచీతో నేరుగా వడోద్ పోయాను. రాఖీ ఇంకా రెండ్రోజులుంది, ముందే వచ్చినవేంది అని అక్క ఆశ్చర్యపోయింది. బావ పనికి పోయాడు, పిల్లలు బయట ఉన్నారు. మంచం నిండా ఆకుపచ్చ చీర పరిచి, మంచం పట్టె మీద ఒక తొడ ఆనించి, సగం నిలబడి సగం కూర్చుని రాళ్ళు అతికిస్తోంది. ఆ భంగిమ నేను ఎన్నేళ్ళుగా చూస్తున్నానో. గది నాలుగు మూలలూ తిరిగాను. మంచినీళ్ళు నేనే ముంచుకుని తాగాను. కూసోరాదురా, కండ్లు తిరుగుతున్నయి నిన్ను చూస్తుంటే అంది.

కూర్చోకుండానే అడిగాను. "మీ పక్కింటామె ఎట్లున్నదక్కా?"

అక్క చేతిలో రాయి ఆగింది. "గట్లనే ఉన్నది," అంది, తల ఎత్తకుండా.

"ఆమెను నేను చూడ. నాతోని టాంజానియా వచ్చే డాక్టరమ్మ ఇక్కడ సూరత్‌లనే ఉంటది. ఆమె చూస్తది. ఆ గదిలకు నేను రాను. ఆమెకు ఏమున్నది, ఏం జేసిండ్రు, నాకు చెప్పొద్దని డాక్టరమ్మకు చెప్పిన."

గోడ అవతల మగ్గాలు ఆడుతున్నాయి. ఎప్పుడూ అరిచే అక్క ఎంత మెల్లగా మాట్లాడిందంటే నేను పెదాలు చూసి పోల్చుకోవాల్సి వచ్చింది. "తమ్ముని ఇజ్జత్ పోతది అంటది ఆమె," అంది.

"ఏం పోదని చెప్పు."

అక్క ఆ చీర అంచు పూర్తయ్యేదాకా రాళ్ళు అతికిస్తూ పోయింది. నేను కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి తిరుగుతూనే ఉన్నాను. చివరికి, "ఆ డాక్టరమ్మ హిందీ మాట్లాడతదా?" అని అడిగింది. మాట్లాడుతుందన్నాను.

డాక్టరమ్మ చూసింది. మాటిచ్చినట్టే నాకేమీ చెప్పలేదు, ఆపరేషన్ అవసరమని మాత్రం అంది. నేనూ మాటిచ్చినట్టే ఏమీ అడగలేదు. అడగకుండా ఉండటానికి ఆ వారమంతా ఆసుపత్రిలో బల్లలు, బీరువాలు జరిపిస్తూ మా నర్సు ప్రాణం తీశాను.

ముహూర్తం అక్కే పెట్టుకుంది. దీపావళి సెలవుల్లో అంది. అప్పుడు సూరత్‌లో మగ్గాలు ఆగిపోతాయి, మార్కెట్ మూసేస్తారు, పనివాళ్ళంతా సొంత ఊళ్ళకు పోతారు. వడోద్ సగానికి సగం ఖాళీ అవుతుంది. బావనూ పిల్లలనూ కరీంనగర్ పంపేసి, చీరల పని మిగిలిందని తను ఉండిపోతుందట. బావకు చెప్పొచ్చు కదా అన్నాను. ఆయనకు చెప్పుడంటే మైకుల చెప్పుడే, వచ్చినంక చెప్తనంటున్నది ఆమె అంది. ఆ మాట నిజమే.

అక్క చెప్పని కారణం ఇంకొకటుంది. దీపావళి సెలవుల్లో నేను దేశంలో ఉండను. ఆమె పెట్టుకున్న తేదీకి నేను టాంజానియాలో ఉంటాను. నాకు తెలిసిపోయిందని ఆమెకూ తెలుసు. అయినా మేమిద్దరం ఒకే ఊళ్ళో ఉండగా అది జరగకూడదు. డాక్టరమ్మ ఆసారి ఇంట్లో పని ఉండి ప్రయాణం మానుకుంది కాబట్టి అక్క లెక్క సరిపోయింది. నాకు చాలా బాధ కలిగింది. ఉంటానని అనబోయి ఆగిపోయాను. ఇన్నేళ్ళలో ఆమె అడిగింది ఇదొక్కటే, నేను లేకుండా పోవడం. అందులో నాకు మంచి అనుభవమే ఉంది.

ఆ ఏడు బతుకమ్మకు వెళ్ళాను. అక్క కుర్చీ అంచున కూర్చుని పాడింది. నేను ఒక్కచోట నిలబడలేక గర్బా వైపు పోయి, మళ్ళీ ఇటు వచ్చి, అక్కకు కనబడకుండా వెనకే నిలబడ్డాను.

ప్రయాణం ముందురోజు సంచీ సర్దుతున్నాను. సర్దిన బట్టలు తీసి మళ్ళీ సర్దుతున్నాను. మా ఆవిడకు అంతా తెలుసు కాబట్టి పిల్లి ఊసెత్తకుండా పక్కన కూర్చుని మడతలు పెడుతోంది. అక్క ఫోన్ చేసింది. మగ్గాల చప్పుడు లేదు. బావ కేకలు లేవు, వాళ్ళ బండి అప్పటికే వెళ్ళిపోయింది. స్పీకర్ కూడా లేదు. ఆమె గొంతు మొదటిసారి నా చెవిలోకి నేరుగా వచ్చింది.

"తమ్మీ, రేపే గదా పోయేది?"

అవునన్నాను. జాగ్రత్తగా పోయి రమ్మంది. వానలుంటయేమో, గొడుగు పెట్టుకో అంది. సరే అని ఫోన్ పెట్టేయబోయాను.

"పక్కింటామె అడుగుతున్నది," అంది. "మీ తమ్ముడు ఆ దినం ఊళ్ళె ఉంటడా అని."

మా ఆవిడ చేతిలోని చొక్కా తీసుకుని మంచం మీద పెట్టాను. "ఉంటడని చెప్పు," అన్నాను. "లోపలికి రాడు. బయటనే కూసుంటడని చెప్పు."

చివరి నిమిషంలో ప్రయాణం మానుకున్నందుకు జట్టు వాళ్ళు తిట్టారు, నేనైనా తిట్టేవాణ్ణి. ఆ రోజు పొద్దున్న ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను చూసి పలకరించకుండానే లోపలికి వెళ్ళిపోయింది. అక్క పచ్చ గౌను వేసుకుని చక్రాల మంచం మీద పోతూ కళ్ళు గట్టిగా మూసుకుంది. తలుపు మూసుకుంది. జీవితమంతా ఆ తలుపుకు అవతలే ఉన్నాను, ఇవతల ఒక బల్ల ఉంటుందనీ, దాని మీద మనుషులు కూర్చుంటారనీ తెలుసు గానీ ఎలా కూర్చుంటారో తెలియదు. లేచాను. వరండా చివరిదాకా పోయి వచ్చాను. ఇప్పుడు మత్తు ఇచ్చి ఉంటారు, ఇప్పుడు మొదటి కోత, ఇప్పుడు ఫలానా కుట్టు. ఆ కుట్టు డాక్టరమ్మకు వేసి చూపించింది నేనే. అయినా మళ్ళీ వరండా చివరిదాకా పోయి వచ్చాను. బయట ఊరంతా మూసుకుని ఉంది. ఎక్కడా ఒక్క మగ్గం కూడా ఆడటం లేదు. చిన్నప్పటి భయమే మళ్ళీ పట్టుకుంది.

బల్ల మీద ఒక గుజరాతీ ముసలామె కూర్చుని ఉంది. కోడలికి కాన్పట. లోపల నీకేమవుతారు బాబూ అని అడిగింది.

మా పక్కింటామె అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. పక్కింటావిడ కోసమే ఇంత తిరిగితే ఇంట్లోవాళ్ళ కోసం ఎంత తిరుగుతావు, కూర్చో అంది. కూర్చున్నాను. మళ్ళీ తలుపు తెరుచుకునేదాకా లేవలేదు.

అక్క ముఖం పాలిపోయి ఉంది, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. నడుము కింద మత్తు ఇంకా దిగలేదు. బల్ల మీద నన్ను చూసి, మంచం తోస్తున్న ఆయాను చేత్తో ఆగమంది.

"ఆమెకు మంచిగయిందట తమ్మీ," అంది.

"ఇగ మూటలు మొయ్యద్దని చెప్పక్కా ఆమెకు," అన్నాను.